మావ ఎడం చెయ్యి

మా మావకి డోలు మీద ఒక్క దెబ్బ కొట్టి ఊరుకోవడం రాదు. ఒకటి కొట్టమంటే ఒకటి కొడతాడు. దాని వెనక నాలుగు పడతాయి. ఆ నాలుగూ ఊరికే పోకూడదు కాబట్టి ఇంకో ఎనిమిది. చివర మూడుసార్లు తీర్మానం తిప్పి, అంటే ఈ ముక్క ఇక్కడితో అయిపోయిందని చెప్పే ముక్తాయింపు వేసి, అప్పుడు చెయ్యి తీసి, ఎలాగున్నాదన్నట్టు నా మొహంలోకి చూస్తాడు. ఓ ఆదివారం పొద్దున్న టిఫిన్లు కాగానే మైకు పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం అత్త అన్నానికి పిలిచేసరికి నా దగ్గర పోగైన ఒంటి దెబ్బలు మూడు. అందులో ఒకదాని మీద కాకి అరిచింది.

“ఒక్కటి మావా. ఒక్కటంటే ఒక్కటే. కొట్టి చెయ్యి తీసెయ్. శబ్దం మొత్తం అణిగిపోయేదాకా కదలకు.”

“ఒక్కటి కొట్టి ఊరుకోడానికి నానేటి తలుపు కొట్టీ పోస్టుమేన్నా?”

“నాకు ఒక్కటే కావాలి.”

“ఒక్క దెబ్బతో ఏటి సేస్తావే? ఒక్క మెతుకు ఒడ్డిస్తే నువ్వు తింటావేటి?”

“చెప్పేను కదా మావా. ఆ ఒక్కోటీ కంప్యూటర్లో దాచుకుంటాను. తర్వాత నాకు కావలసినట్టు నేను కలిపి వాయించుకుంటాను.”

“అయితే నీకు నాను అక్కర్లేదు. నా సెయ్యి సాలు,” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను మైకు వైరు సర్దుకుంటూ ఆ మాట పట్టించుకోలేదు.

మావంటే మా అమ్మ తమ్ముడు. శ్రీకూర్మానికీ కళింగపట్నానికీ మధ్య సముద్రం ఒడ్డున మా ఊరు. వేటకెళ్ళే ఇళ్ళే ఎక్కువ. ఊళ్ళో ఉన్న చిన్న గుడిలో పొద్దున్నా సాయంత్రం సేవ మా ఇంటివాళ్ళది. మా నాన్న సన్నాయి, మావ డోలు. బావా బావమరుదులిద్దరూ రోజంతా చుట్ట కోసం, చేపల కూరలో ఉప్పు కోసం తగువులాడుకునేవాళ్ళు. సేవ వేళకి మాత్రం మాటా పలుకూ లేకుండా పక్కపక్కన కూర్చునేవాళ్ళు. నేను చెబుతున్న రోజులకి నాన్న పోయి తొమ్మిదేళ్ళు. సన్నాయికి మరెవరూ రాలేదు. డోలూ, పూజారిగారి గంటా మిగిలాయి. మావకి పిల్లల్లేరు.

సేవకి ఉన్నది ఒకటే నియమం, అది తప్పకూడదు. ఒకరికి జ్వరమొస్తే ఆ ఇంట్లో ఇంకొకరు వెళ్ళాలి. తుఫానొచ్చి పెంకులెగిరిపోయినా ఎవరో ఒకరు వెళ్ళాలి. నాన్న శ్రీకాకుళం ఆస్పత్రిలో పోయారని తెల్లవారుజామున కబురొస్తే, మావ వెళ్ళి సేవ చేసి, ఆ తర్వాతే బస్సెక్కి వచ్చి మా అమ్మని పట్టుకుని ఏడ్చాడు. అమ్మ దానికి ఆయన్ని ఒక్క మాటా అనలేదు.

ఇక నా సంగతి. ఓ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ అసిస్టెంటుని. మా ఆయన రైల్వే బుకింగ్ కౌంటర్లో పనిచేస్తారు. ఆమదాలవలసలో రైలుకట్టకి దగ్గరగా మేడ మీద రెండు గదుల వాటా మాది. ఇంతవరకూ అందరిలాగే. కానీ నాకో తెగులుంది. ప్రోగ్రెసివ్ రాక్.

అది అంటుకున్నది విజయనగరం హాస్టల్లో. నా గదిలో అమ్మాయి ఎవరి దగ్గరో తెచ్చిన ఎంపీత్రీ సీడీ పెట్టింది. తెల్లవాళ్ళెవరో వాయించిన పాట, ఇరవై నిమిషాలు. డ్రమ్ములు ఏడు లెక్కన నడిచి, ఐదులోకి జారి, మళ్ళీ ఏడుకొచ్చాయి. ఆ అమ్మాయికి తలనొప్పి వచ్చింది. నాకు మా ఇంటికెళ్ళినట్టనిపించింది. ఏడంటే మిశ్రచాపు, ఐదంటే ఖండచాపు. అన్నం తింటూ కంచం అంచు మీద వేళ్ళతో వేసుకుని, నాన్న చేత తిట్లు తిని పెరిగిన లెక్కలవి. ఊరి గుడిలో వినపడే లెక్క ఇంగ్లీషు గిటార్ల మీద వినపడితే ఎవరికైనా మతి పోతుంది. నాకు పోయింది, తిరిగి రాలేదు.

పెళ్ళయ్యాక, ఉద్యోగమొచ్చాక, నేనూ ఒక పాట కట్టాలని బుద్ధి పుట్టింది. వేటకెళ్ళిన పడవ ఒకరోజు, బయల్దేరడం నుంచి ఒడ్డు చేరడం దాకా. ఐదు భాగాలు, ఇరవైరెండు నిమిషాలు. రాక్ బ్యాండంటే నలుగురుండాలి. నాకు నలుగురు లేరు, ల్యాప్‌టాప్ ఉంది. దాని పొట్టలో సాఫ్ట్‌వేర్ సింథులు, ఆర్గను, చర్చిలో పాడినట్టు పాడే కోరస్సు, డ్రమ్ములు, బేసు గిటారు. ఎక్కడో ఎవరో ఒక్కో స్వరాన్నీ విడివిడిగా వాయించి పెట్టిన ముక్కలు, వాటిని శాంపిళ్ళంటారు. మనం చిన్న కీబోర్డు మీద మీట నొక్కితే ఆ ముక్క పలుకుతుంది. వినడానికి ఎంత హాయిగా ఉందో కదా. ఆ హాయి నేను అనుభవించినది తక్కువ.

కోరస్సు తెరిస్తే ల్యాప్‌టాప్ ఫ్యాను షేర్ ఆటోలా అరిచేది. దానికి ఆర్గను తోడైతే పోపులో ఆవాలు పేలినట్టు చిటపట. మూడోది తెరిస్తే తెర మొత్తం నీలంగా మారి, ఇంగ్లీషులో ఏదో క్షమాపణ చెప్పి, ఆగిపోయేది. రాష్ట్రం విడిపోకముందు రోజులవి. కరెంటు ఎప్పుడు తీస్తారో పేపర్లో వేసేవాళ్ళు. ఆ వేళకి తప్ప మిగతా అన్ని వేళల్లోనూ పోయేది. బ్యాటరీ ఇరవై నిమిషాలు నిలిచేది. నా పాట ఇరవైరెండు. ఏడాదిపాటు నా పాట చివరి రెండు నిమిషాలూ నేనే సరిగ్గా వినలేదంటే నమ్మండి.

నా గొంతుతో ఓ చిన్న ఆలాపన రికార్డు చేద్దామంటే ఫ్యాను ఆపాలి. ఆపి, తలుపులు మూసి, చెమట కారుతూ నోరు తెరిచేసరికి గూడ్సు బండి. అది పోయాక కింద ఇంటిగలవాళ్ళ నీళ్ళ మోటారు. మోటారు ఆగాక మా కుక్కరు. అది నేను పెట్టిందే కాబట్టి ఎవర్ని తిట్టాలో తెలిసేది కాదు. ఓసారి మా ఆయన్ని కూర్చోబెట్టి మొదటి భాగం వినిపించాను. ఆరు నిమిషాలు ఓపిగ్గా, తలూపుతూ విన్నారు. “బాగుంది. పాట ఎప్పుడు మొదలవుతాది?” అని అడిగారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడాల్సి వచ్చింది, గ్యాసు అయిపోయింది.

చివరి భాగం దగ్గర బండి పూర్తిగా ఆగిపోయింది. పడవ తెల్లవారుతుండగా ఒడ్డుకొస్తుంది, దూరం నుంచి గుడి డోలు వినపడాలి. నా దగ్గరున్న శాంపిళ్ళలో ‘ప్రపంచ వాద్యాలు’ అని ఓ పెద్ద కట్ట ఉంది. డౌన్‌లోడ్ కావడానికి పదకొండు రోజులు పట్టింది. ఎక్కడెక్కడి అడవుల్లో వాయించే తప్పెట్లన్నీ ఉన్నాయి. మన దేశం ఫోల్డరు తెరిస్తే తబలా, దాని పక్కన ‘పండగ డ్రమ్ము’ అని ఒకటి. మీట నొక్కితే బిస్కెట్ల డబ్బా కింద పడినట్టుంది. అది విన్నాకే కాలేజీ సెమినార్ హాల్లో మూలపడ్డ మైకుని బతిమాలి తెచ్చుకుని మావ దగ్గరికి వెళ్ళాను. అక్కడ జరిగింది మొదట్లోనే చెప్పాను.

అన్నాలయ్యాక మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ అదే తంతు. కుడిచేతి వేళ్ళకి గుడ్డపేలికలు చుట్టి గట్టిపరిచిన తొడుగులు, ఎడంచేతిలో కర్ర, ఒళ్ళో డోలు, మొహంలో ఎక్కడలేని వినయం. నేను వేలెత్తి సైగ చేస్తాను. మావ ఒకటి కొడతాడు. ఆగుతాడు. నేను ఊపిరి బిగబడతాను. శబ్దం ఇంకా అణగనే లేదు, పాపం చెయ్యి దురద పెట్టినట్టు ఇంకొకటి పడుతుంది, అంతే, వరదే. పదిహేనోసారికో ఇరవయ్యోసారికో నా నోరు జారింది.

“ముప్పై ఏళ్ళ బట్టీ వాయిస్తున్నావు, ఒక్కటి కొట్టడం చేతకాదా నీకు? మూడేళ్ళ గుంట కొడతాదది!”

అత్త వంటింట్లోంచి తొంగి చూసింది. మావ డోలు కాస్త దగ్గరికి లాక్కుని, కళ్ళు మూసుకుని, పొద్దుటి సేవ మొత్తం మొదట్నుంచీ చివరిదాకా వాయించాడు. మిశ్రచాపు, పావుగంట పైనే. నేను కోపంలో రికార్డింగ్ ఆపడం కూడా మర్చిపోయాను. చివరి తీర్మానం ముమ్మారు తిప్పి, చెయ్యి తీసి, “ఇదీ నా ఒక్కటి,” అన్నాడు.

ఇంటికొచ్చి ఆ పావుగంటలోంచే దెబ్బలు ఏరుకున్నాను. ఎక్కడెక్కడ రెండు దెబ్బల మధ్య కాస్త ఖాళీ దొరికితే అక్కడ కత్తిరించడం. బియ్యంలో రాళ్ళేరడం నయం. కానీ డోలు డోలే. మీట మీద వేలు పెట్టగానే నా రెండు గదుల వాటాలో మావ వచ్చి కూర్చున్నట్టుంది. కోపం తగ్గాక సిగ్గేసింది. పెద్దవాడిని పట్టుకుని ఎంత మాటన్నాను. నోటితో క్షమించమని అడిగే అలవాటు మా ఇళ్ళల్లో లేదు. అందుకని ఆ సేవ రికార్డింగునే శుభ్రం చేసి ఇద్దామనుకున్నాను.

అక్కడే చూశాను. కంప్యూటర్ తెర మీద శబ్దం గీతల్లా కనపడుతుంది, లెక్క ఎక్కడ పడాలో సన్నటి నిలువుగీతలుంటాయి. మావ కుడిచెయ్యి గీత మీద మేకు కొట్టినట్టు పడుతోంది. ఎడంచెయ్యి మాత్రం, ఏడు లెక్కల చుట్టు తిరిగొచ్చిన ప్రతిసారీ, గీతకి వెనక, అంటే ఓ పిసరు ఆలస్యంగా, పడుతోంది. చెవికి అంతగా తెలీదు. కంటికి తెలుస్తుంది. వయసు మీద పడింది పాపం, అనుకున్నాను.

సాఫ్ట్‌వేర్‌లో దీనికో సదుపాయం ఉంది. వెనకో ముందో పడ్డ దెబ్బల్ని లాక్కొచ్చి గీత మీద నిలబెడుతుంది. నేను దానికి సర్దుడు మీట అని పేరు పెట్టుకున్నాను. అది నమ్మదగ్గది కాదు, సగం దెబ్బల్ని పక్క గీతకి తోసేస్తుంది. అందుకని వారం రోజులు కాలేజీ నుంచి రాగానే కూర్చుని, ఒక్కో ఎడం దెబ్బనీ నా చేత్తో ముందుకి జరిపాను. మా ఆయన రెండుసార్లు ఉప్మా చేసి పెట్టారు. సముద్రం హోరు తీసేశాను. కాకిని తీసేశాను. డిస్కు నిండిపోయిందని ల్యాప్‌టాప్ మొత్తుకుంటుంటే, పని అయిపోయింది కదా అని పాత రికార్డింగు చెరిపేశాను.

తర్వాతి ఆదివారం అత్త ఫోనులో చిన్న మెమరీ కార్డు వేసి వినిపించాను. మావ గోడకి జారబడి, కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. ఎడంచేతి వేలు మోకాలి మీద ఆడుతూనే ఉంది.

“శుభ్రంగా ఉన్నాది,” అన్నాడు.

“అంతేనా?”

“మరేటి. తప్పేటీ లేదు.”

వారం రోజుల పనికి ఇదా మెప్పు అని ఒళ్ళు మండింది. బస్సులో తిరిగొస్తూ అదే తలచుకుని, మా వాళ్ళకి నోరారా మెచ్చుకోవడం ఎప్పుడొస్తుందా అని విసుక్కున్నాను.

ఆ వర్షాకాలం ఊరంతా చికున్‌గున్యా. మావకీ వచ్చింది. కీళ్ళన్నీ వాచి, వేళ్ళు ముడుచుకోవడం లేదు, కర్ర పట్టుకోలేడు. తెల్లారితే సేవ. ఇంట్లో ఇంకో మగాడు లేడు. మావ మంచం మీదనుంచే ఆలోచించి, అత్త చేతికి ఫోనిచ్చి గుడికి పంపాడు. పూజారిగారు దాన్ని మైకు దగ్గర పెట్టారు. అత్త నాకు ఫోన్ చేసి చెప్పింది.

“మీ మావ నీ రికార్డింగు పంపీసాడే. తప్పు కాదా అంటే, నా సెయ్యే కదా, సేవ తప్పనేదు అన్నాడు.”

నేను పకపకా నవ్వాను. కాస్త గర్వపడ్డాను కూడా, దాచుకోవడమెందుకు. నేను చేసినది ఏదైనా నలుగురూ కలిసి విన్నది అదే మొదటిసారి.

రెండు నెలలు అలాగే సాగింది. ఈలోగా గుడి కమిటీ ప్రెసిడెంటు, ఆయనకి రెండు పడవలూ ఓ ఐసు గోదామూ ఉన్నాయి, కొత్త స్పీకరు కొనిచ్చాడు. కార్డు పెట్టే గంటు ఉన్న పెట్టె, వేళకి తనంతట తనే మోగుతుంది. అత్త ఫోనులోని కార్డు తీసి అందులో పెట్టారు. మావకి చేతులు కాస్త స్వాధీనమై గుడికి వెళ్తే, “ఇంకెందుకు మావా, రెస్టు తీసుకో,” అన్నారట కమిటీవాళ్ళు. మావ సరేనని వచ్చేశాడట.

“సరే అన్నాడా? ఎందుకన్నాడు?” అని ఫోన్లో అత్త మీద అరిచాను.

“నన్నడిగితే? డోలు గుడిలోనే కొక్కేనికి ఏలాడతన్నాది, తెచ్చీమంటే తేడు. రోజూ ఆ యేళకి లెగుస్తాడు, తానం సేస్తాడు, డోలు కర్ర పట్టుకుని గుడికెల్తాడు. ఎందుకెల్తన్నావంటే సెప్పడు. నువ్వే వొచ్చి అడుగు.”

శనివారం కాలేజీ కాగానే వెళ్ళాను. నేరుగా ఐసు గోదాముకి. ప్రెసిడెంటు చేపల పెట్టెల మధ్య నిలబడి ఉన్నాడు. దారిపొడుగునా కూడబెట్టుకున్న కోపమంతా ఆయన మీద పోశాను. మావ చేసే సేవ, ముప్పై ఏళ్ళ సేవ, ఒక డబ్బాకి ఎలా ఇచ్చేస్తారన్నాను. ఆయన చేతులు తుడుచుకుని, స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

“నువ్వే సేసిచ్చావు కదమ్మా. ఎంత బాగా సేసావు! ఎక్కడా ఒక్క తప్పు లేదు. పడవ మీదున్నోలికి కూడా ఇనపడతన్నాది.”

“అది కాదు. మనిషి ఉండగా…”

“మనిసికి ఒళ్ళు బాగోలేదు కదా. సలిలో, వానలో, పెద్దోడు, ఎందుకమ్మా? దేవుడికి అదీ మావ సెయ్యే, ఇదీ మావ సెయ్యే. తేడా ఏటో నువ్వు సెప్పు, తీసీస్తాను.”

తేడా నాకూ తెలీదు. అదీ అసలు మంట. ఆయన దుర్మార్గుడై ఉంటే బాగుండేది, తిట్టి వచ్చేదాన్ని. టీ తెప్పించాడు. తాగి వచ్చాను.

రాత్రి అన్నాల దగ్గర మావని అడిగాను. నీ సేవ నువ్వు అడిగి తీసుకోవేం అని. “నా సెయ్యే కదే, జరుగుతన్నాది కదా,” అన్నాడు. అంతకుమించి పెదవి విప్పలేదు. మా ఇంట్లో మగవాళ్ళ నోట్లోంచి మాట రాబట్టడం కన్నా నా ల్యాప్‌టాప్‌లో కోరస్సు తెరవడం తేలిక.

తెల్లవారుజామున మావ లేచిన అలికిడికి నేనూ లేచాను. వెనకే వెళ్ళాను. గుడి మండపంలో ఇద్దరు ఆడవాళ్ళు పూలు కడుతున్నారు. పూజారిగారు లోపల దీపం పెడుతున్నారు. స్తంభానికి కొత్త పెట్టె, దాని గంటులో నా కార్డు, చిటికెనవేలి గోరంత అంచు బయటికి కనపడుతూ. వేళ కాగానే పెట్టె మోగింది. పూజారిగారి గంట దానితో కలిసింది. మావ డోలు కొక్కేనికి వేలాడుతూ ఉంది, పాత పంచె చుట్టి. దాని కింద మావ బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎడంచేతిలో కర్రతో నేల బండ మీద కొడుతున్నాడు.

మెల్లగా కొడుతున్నాడు, పక్కవాళ్ళకి వినపడనంత. నాకు మొదట జాలేసింది. తన డోలుని తనే అందుకోలేకపోతున్నాడు, వెనకబడిపోతున్నాడు అనుకున్నాను. కాసేపు విన్నాక అర్థమైంది. అన్ని దెబ్బలూ కొట్టడం లేదు. చుట్టు తిరిగొచ్చిన చోట ఒక్కటి, అంతే. పెట్టెలో ఎడం పడిపోయాక, ఒక్క క్షణం ఆగి, బండ మీద ఒక్కటి. మళ్ళీ ఏడు లెక్కలు ఊరుకోవడం. మళ్ళీ ఒక్కటి. ఆ ఆదివారమంతా నేను ప్రాణం తీసి అడిగిన ఒంటి దెబ్బ.

పక్కన కూర్చుని గుసగుసగా అడిగాను. “ఏటి చేస్తన్నావు మావా?”

“నువ్వు తీసీసినాది యేస్తన్నాను.”

“నేనేం తీశాను?”

“ఎడం సెయ్యి ఎనకుండాలి. నువ్వు ముందుకి తోసీసావు.”

“అది తప్పు పడుతున్నాది అనుకున్నాను మావా. పెద్దతనం వల్ల…”

మావ నా వైపు చూశాడు. నేను వాచీ తిరగేసి పెట్టుకున్నట్టు చూశాడు. “తప్పేటే? బావ ఊపిరి తీసుకోవద్దేటి? ఆ తిప్పులో బావకి ఊపిరి సాలదు. బావ తీసుకున్నాకే నాను ఎడం దించుతాను. లేపోతే సన్నాయి తెగినట్టు జనానికి తెలిసిపోదేటి?”

చెబుతూనే చుట్టు తిరిగొచ్చింది, బండ మీద ఒక్కటి వేశాడు.

తొమ్మిదేళ్ళుగా ఆయన రోజుకి రెండు పూటలు, లేని మనిషికి ఊపిరి తీసుకునేందుకు చోటు వదులుతున్నాడు. నేను వారం రోజులు ఉప్మా తింటూ కూర్చుని, ఒక్కో చోటే పూడ్చేశాను. నాన్న కూతుర్ని, చెవి ఉందని మిడిసిపడేదాన్ని, ఏడూ ఐదూ నా ఇంటి లెక్కలని హాస్టల్లో గొప్పలు పోయినదాన్ని, కంటికి కనపడిన గీతని నమ్మాను. పాతది కూడా చెరిపేశాను. అంత సిగ్గు నాకు మళ్ళీ ఎప్పుడూ వేయలేదు.

తర్వాత చేసినది ఆలోచించి చేశానని చెప్పుకుంటే గొప్పగానే ఉంటుంది. కానీ కాదు. కోపమొచ్చింది, నా మీద నాకే. లేచి వెళ్ళి, పెట్టె మోగుతుండగానే కార్డు పీకేశాను.

ఏడులో నాలుగో లెక్క మీద తెగిపోయింది. గుళ్ళో చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం. పూలు కట్టే చేతులు ఆగాయి. పూజారిగారు గంట ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

“మద్దెలో ఆపీసావేటే!” మావ అరిచాడు. గుళ్ళో ఆయన గొంతు పైకి లేవడం నేను ఎరగను. ఒక్క దెబ్బనే ఒంటరిగా వదిలేయలేని మనిషి, సేవ సగంలో వేలాడుతుంటే ఎలా కూర్చుంటాడు. లేవబోయి, స్తంభం పట్టుకుని, లేచి, కొక్కెం మీదనుంచి డోలు దించాడు. పంచె లాగి పారేశాడు. వేళ్ళకి తొడుగులు లేవు. ఆ వాపు పూర్తిగా దిగని ఉత్త వేళ్ళతోనే, సరిగ్గా తెగిన చోటినుంచి, ఐదో లెక్కనుంచి అందుకున్నాడు. గంట మళ్ళీ కలిసింది.

మొదట రెండు చుట్లు తడబడ్డాడు. బిగువు తగ్గిన డోలు, బిగుసుకుపోయిన వేళ్ళు. మూడో చుట్టుకి కుడి నిలబడింది. చుట్టు తిరిగింది, కుడి పడింది, ఎడం పడలేదు. అప్పుడు విన్నాను. కళ్ళు తుడుచుకోవడం కూడా తోచలేదు. ఆ కాస్త ఖాళీలో మా నాన్న బుగ్గలు పూరించడానికి ముందు ముక్కుతో లోపలికి లాగే గాలి, చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుంటే వినపడేది, అది పట్టేంత చోటుంది. సరిగ్గా అంతే. తర్వాత ఎడం పడింది.

తీర్మానం ముమ్మారు తిప్పేసరికి ప్రెసిడెంటు భుజం మీద తువ్వాలుతో పరుగెత్తుకొచ్చాడు.

“ఏటైనాది? స్పీకరు పాడైపోనాదేటి?”

“పాడైపోయింది,” అన్నాను. కార్డు నా గుప్పిట్లో ఉంది.

ఆయన పెట్టెని చూశాడు. ఖాళీ గంటుని చూశాడు. మావ చేతుల్లో డోలుని, చెమటని చూశాడు. మనిషి తెలివైనవాడే. “సరే అయితే. బాగయ్యేదాకా నువ్వే కొట్టు మావా,” అని తీర్థం పుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆ స్పీకరు ఇప్పటికీ బాగవలేదు.

మావ డోలుకి పంచె చుడుతున్నాడు. వాచిన వేళ్ళకి ముడి పడకపోతే, నేను వెళ్ళి పట్టుకున్నాను. నా వైపు చూడకుండానే తిట్టాడు.

“ఇంకెప్పుడూ అలాగ మద్దెలో ఆపకే. బావ ఊపిరి బిగబట్టుకుని కూకుండిపోతాడు.”

“ఆపను మావా,” అన్నాను.